గొంగడిని కొరికే బొచ్చు పురుగు: ఇంట్లో మందు కన్నా చీపురే మేలు

చలికాలం మొదలుకాగానే అటక మీది సందూక దించి గొంగడి విప్పుతాం. మడత పెట్టిన చోటల్లా చిల్లులు కనబడతాయి. దులిపితే నుసితో పాటు గోధుమరంగు పొట్టు లాంటిది రాలుతుంది. చెదలు పట్టిందని కొందరు అంటారు, ఎలుక కొట్టిందని కొందరు అనుకుంటారు. చాలాసార్లు ఆ రెండూ కాదు. అది ఉన్నిని, పట్టును, తోలును తిని బతికే ఒక చిన్న పెంకు పురుగు పని. శాస్త్రవేత్తలు దీన్ని కార్పెట్ బీటిల్ అంటారు. తివాచీలను పాడుచేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మన ఇళ్లల్లో తివాచీలు లేకపోయినా గొంగళ్లు, పట్టుచీరలు, డప్పులు, ఉన్ని మూటలు ఉన్నాయి. ఈ పురుగుకు అవే చాలు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పురుగు కనబడగానే పొలానికి తెచ్చిన మందు డబ్బా తీసుకొచ్చి పెట్టెలో, మంచం కింద, గింజల గుమ్మి దగ్గర చల్లే అలవాటు పల్లెల్లో ఇంకా పోలేదు. గొంగడి పోతే మళ్లీ నేయించుకోవచ్చు, మనిషి పోతే తేలేం. ఈ పురుగు ఎలా బతుకుతుందో తెలిస్తే మందు లేకుండానే దాన్ని అదుపు చెయ్యవచ్చు. ఆ వివరాలు ఈ వారం తెలుసుకుందాం.

గొంగళి పురుగు వేరు, ఇది వేరు

పొలంలో ఆముదం ఆకులను, వేరుశనగ ఆకులను తినే బొచ్చు పురుగును మనం గొంగళి పురుగు అంటాం. ఒంటి నిండా గొంగడి కప్పుకున్నట్టు బొచ్చు ఉంటుంది కాబట్టి ఆ పేరు. అది పెరిగి రెక్కల పురుగు అవుతుంది, గొంగడి జోలికి రాదు. ఇప్పుడు మనం చెప్పుకునేది నిజంగా గొంగడిని తినే పురుగు. దీని పిల్ల దశలో కూడా బొచ్చు ఉంటుంది కానీ ఇది చాలా చిన్నది. పెరిగితే గుండ్రటి పెంకు పురుగు అవుతుంది.

ఈ కుటుంబంలో పురుగులు చాలా ఉన్నాయి. రైతు ఇంటికి సంబంధించినంత వరకు నాలుగు రకాలు తెలిస్తే చాలు.

1. మచ్చల కార్పెట్ పురుగు: ఉన్ని, పట్టు, ఈకలు, వెంట్రుకలు తింటుంది.
2. నల్ల కార్పెట్ పురుగు: ఉన్నితో పాటు చచ్చిన పురుగులను, పిండి, గింజల నుసిని కూడా తింటుంది.
3. తోలు పురుగు: పచ్చితోళ్లు, ఎండుచేపలు, పట్టుగూళ్లలోని చచ్చిన పురుగును తింటుంది.
4. ఖప్రా పురుగు: గోధుమ, జొన్న, మొక్కజొన్న, బియ్యం వంటి నిల్వ గింజలను తింటుంది.

మొదటి మూడూ ముఖ్యంగా జంతువుల నుంచి వచ్చిన వస్తువుల మీద బతుకుతాయి. నాలుగోది గింజల మీద పడింది. అలవాట్లు మాత్రం అన్నిటివీ ఒకటే. చీకటి, కదలిక లేని చోటు, సందులు, దుమ్ము వీటికి ఇష్టం.

గుర్తుపట్టడం ఎలా?

పెద్ద పురుగు: మచ్చల రకం పురుగు పొడవు 2 నుంచి 3 మిల్లీమీటర్లు, అంటే ఆవగింజ కన్నా కొంచెం పెద్దది. గుండ్రంగా, వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది. వీపు మీద తెలుపు, పసుపు, గోధుమ, నలుపు మచ్చలు కలిసి ఉంటాయి. నల్ల రకం 3 నుంచి 5 మిల్లీమీటర్ల పొడవుతో కోలగా ఉంటుంది. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడివుంటుంది.

పిల్ల పురుగు: నష్టం చేసేది ఇదే. మచ్చల రకం పిల్ల పురుగు 5 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. పొట్టిగా, లావుగా, అడ్డచారలతో ఉంటుంది. వెనక భాగంలో బొచ్చు కుచ్చులు ఉంటాయి, కదిలిస్తే వాటిని పైకి లేపుతుంది. నల్ల రకం పిల్ల పురుగు ముల్లంగి దుంపలాగా ముందు లావుగా, వెనక సన్నగా ఉండి చివర పొడుగాటి తోక బొచ్చుతో కనబడుతుంది.

కుబుసాలు: పాము కుబుసం విడిచినట్టే ఈ పిల్ల పురుగు పెరిగేకొద్దీ చర్మం విడుస్తుంది. ఖాళీగా, తేలిగ్గా, బొచ్చుతో ఉన్న ఆ గోధుమరంగు పొట్టు మడతల్లో దొరికితే అనుమానం అక్కర్లేదు. పురుగు కనబడకపోయినా ఇదే సాక్ష్యం.

చెదలు అయితే మట్టి గూడు కడతాయి. గోడ వెంట మట్టి గీత ఉంటుంది, నూలు, కట్టె, కాగితం తింటాయి. ఎలుక కొరికితే పెద్ద కంత పడి అంచులు చిరిగినట్టు ఉంటాయి, దగ్గరలో పెంటికలు ఉంటాయి. బట్టల చిమ్మట కూడా ఉన్నినే తింటుంది కానీ అది సాలెగూడు లాంటి సన్నటి దారాలు, గొట్టాలు వదులుతుంది. కార్పెట్ పురుగు దారాలు వదలదు, కుబుసాలు వదులుతుంది. ఈ తేడా గుర్తుంచుకుంటే ఎవరి పనో తేలిగ్గా చెప్పవచ్చు.

జీవిత చక్రం

ఆడ పురుగు ఉన్ని మడతల్లో, గోడ పగుళ్లలో, పెట్టె అడుగున చేరిన దుమ్ములో కొన్ని పదుల గుడ్లు పెడుతుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో గుడ్లు పగిలి పిల్లలు వస్తాయి. అవి వెలుతురును తప్పించుకుని చీకట్లోకి దూరి తినడం మొదలుపెడతాయి. ఈ పిల్ల దశ చాలా పొడుగు. చల్లటి దేశాల్లో ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు కూడా పడుతుంది. వేడి ఉన్నచోట అంతకంటే తొందరగా ముగుస్తుంది. తిండి దొరక్కపోతే నెలల తరబడి పస్తుండి కూడా బతుకుతుంది. ఆ సమయంలో చర్మం విడుస్తూ చిన్నదవుతుందే తప్ప చావదు. అందుకే 'పెట్టె ఖాళీ చేసి రెండు నెలలు వదిలేశాం, పురుగు పోయుంటుంది' అనుకోవడం సరికాదు.

పిల్ల పురుగు చివరికి తన ఆఖరి చర్మంలోనే ప్యూపాగా మారి, అందులోంచి పెద్ద పురుగుగా బయటకు వస్తుంది. పెద్ద పురుగు కొన్ని వారాలు మాత్రమే బతుకుతుంది. అది గొంగడిని తినదు. వెలుతురు వైపు ఎగిరిపోయి పువ్వుల మీద వాలి పుప్పొడి, తేనె తింటుంది. కిటికీ దగ్గర, దీపం కింద ఇటువంటి గుండ్రటి మచ్చల పురుగులు చచ్చిపడి కనబడితే, ఇంట్లో ఎక్కడో పిల్లలు పెరుగుతున్నాయని అర్థం చేసుకోవాలి. కిటికీ దగ్గరి పురుగును చంపి ఊరుకుంటే లాభం లేదు. అది పెరిగిన చోటు వెతకాలి.

ఏం తింటుంది, ఏం వదిలేస్తుంది?

మన వెంట్రుక, గోరు, గొర్రె ఉన్ని, ఈక, కొమ్ము అన్నీ కెరాటిన్ అనే గట్టి మాంసకృత్తుతో తయారైనవి. దాన్ని అరిగించుకోగల జీవులు ప్రకృతిలో చాలా తక్కువ. ఈ పురుగుకు ఆ శక్తి ఉంది. అడవిలో చచ్చిన జంతువు మాంసం వేరే జీవులు తినేశాక మిగిలిన తోలు, వెంట్రుకలను ఇవి శుభ్రం చేస్తాయి. విదేశాల్లోని మ్యూజియాల్లో జంతువుల ఎముకలకు అంటుకున్న ఎండిన కండ వదిలించడానికి తోలు పురుగులను పెంచి వాడతారు. అంటే బయట ఇది పాకీపని చేసే పురుగు. మన పెట్టెలోకి వస్తేనే శత్రువు.

నూలు, పాలియెస్టర్ దీనికి తిండి కాదు. గద్వాల చీర సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఆ చీర ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ఈ పురుగు పడితే పట్టు అంచును కొరికి నూలు భాగాన్ని వదిలేయవచ్చు. అయితే నూలుబట్టకు చెమట, నూనె, కూర మరక, పాల మరక ఉంటే ఆ మరక కోసం నూలును కూడా కొరుకుతుంది. ఉన్ని కూడా అంతే. ఉతికిన ఉన్ని కన్నా చెమట, మురికి పట్టిన ఉన్నిలో ఈ పురుగు బాగా పెరుగుతుంది. మెడ దగ్గర, మడతల దగ్గర ముందు చిల్లులు పడటానికి కారణం అదే.

ఇక గొంగడి విలువ చెప్పనక్కర్లేదు. నెల్లూరు గొర్రెకు బొచ్చే తప్ప ఉన్ని ఉండదు. గొంగడికి పనికొచ్చేది మన దక్కని నల్ల గొర్రె ఉన్నే. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఏకి, వడికి, గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెడితే ఒక గొంగడి తయారవుతుంది. వానకు, చలికి, మంద వెంట రాత్రి కాపలాకు అదే అండ. ఇప్పుడు నేసేవాళ్లు తగ్గిపోయారు, ఒక గొంగడి వేల రూపాయలు పలుకుతోంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని సామెత. ఈ పురుగు మాత్రం ఆ వెంట్రుకలనే తింటుంది.

ఇంట్లోకి ఎక్కడి నుంచి వస్తుంది?

- వాసాల సందుల్లో పిచ్చుకలు, పావురాలు కట్టిన గూళ్ల నుంచి. గూటిలో ఈకలు, చచ్చిన పిల్లలు ఉంటాయి. పక్షులు వెళ్లిపోయాక పురుగు ఇంట్లోకి దిగుతుంది.
- అటక మీద, గోడ సందుల్లో చచ్చిన ఎలుకల నుంచి. విషం పెట్టి ఎలుకలను చంపి, కళేబరం తియ్యకుండా వదిలేస్తే అది ఈ పురుగుకు విందు.
- సాలెగూళ్లలో, దీపం బుడ్డి చుట్టూ పేరుకుపోయిన చచ్చిన ఈగలు, పురుగుల నుంచి.
- ఇంట్లోనే మూటగట్టి ఉంచిన ఉన్ని నుంచి. గొర్రెలు కత్తిరించాక అమ్ముడుపోని ఉన్నిని మూల పడేస్తే ఏడాది పొడుగునా పురుగు పెరుగుతుంది.
- ఎండబెట్టిన పచ్చితోళ్లు, పాత డప్పులు, పనికిరాని చెప్పుల నుంచి.
- ఆరుబయట ఆరేసిన బట్టల మీద వాలిన పెద్ద పురుగు ద్వారా.

పాలమూరు వైపు బతుకుదెరువు కోసం వలసపోయే కుటుంబాలు ఇంటికి తాళం వేసి నెలల తరబడి ఉండరు. ఊడ్చేవాళ్లు, కదిలించేవాళ్లు లేని ఆ చీకటి ఇల్లు ఈ పురుగుకు సరైన చోటు. వెళ్లే ముందు ఒక పూట సామాను సర్దితే, వచ్చాక ఏడవాల్సిన పని ఉండదు.

నివారణ: వరుసగా చెయ్యాల్సిన పనులు

ఒకటి, మూలం వెతకాలి. పెట్టెలు, మంచం కింద, అటక, గుమ్మి వెనక, దేవుడి గూడు వెనక వెలుతురు పెట్టి చూడాలి. కుబుసాలు ఎక్కడ ఎక్కువగా ఉంటే మూలం అక్కడికి దగ్గర్లో ఉన్నట్టు. పక్షులు వదిలేసిన పాత గూళ్లను, చచ్చిన ఎలుకలను, పనికిరాని తోలు ముక్కలను తీసి ఇంటికి దూరంగా కాల్చాలి లేదా గుంట తీసి పూడ్చాలి. గుడ్లు, పిల్లలు ఉన్న గూటిని మాత్రం ముట్టుకోకుండా పక్షి వెళ్లిపోయేదాకా ఆగాలి.

రెండు, ఊడ్చాలి. పైపైన ఊడిస్తే సరిపోదు. గోడకూ నేలకూ మధ్య సందు, పెట్టె మూలలు, బండల మధ్య పగుళ్లు సన్నటి పుల్లతో గీకి, చీపురుతో దుమ్మంతా తియ్యాలి. ఆ దుమ్ములో గుడ్లు, పిల్లలు ఉంటాయి కాబట్టి వాకిట్లో పడేయకుండా కాల్చాలి. తర్వాత ఆ పగుళ్లను సిమెంటుతోనో, సున్నంతోనో, బంకమట్టితోనో పూడ్చాలి. పదిహేను రోజులకు ఒకసారి చొప్పున రెండు మూడు నెలలు ఇలా చెయ్యాలి. మొదటిసారి తప్పించుకున్న గుడ్లు పగిలాక వచ్చే పిల్లలు తర్వాతి సార్లు దొరుకుతాయి.

మూడు, గొంగడికి ఎండ చూపించాలి. గొంగడిని బయటకు తెచ్చి దండెం మీద వేసి కర్రతో బాగా కొట్టి దులపాలి. రెండువైపులా బిరుసు కుంచెతో గీకితే మడతల్లోని గుడ్లు రాలిపోతాయి. తర్వాత మంచం మీద పరిచి, గంటకొకసారి తిరగేస్తూ మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంచాలి. పిల్ల పురుగు వెలుతురుకు నిలవలేక బయటకు వస్తుంది. అది మళ్లీ ఇంట్లోకి పాకకుండా మంచాన్ని ఇంటి గోడకు దూరంగా వేసుకోవాలి.

పురుగు ఎక్కువగా పట్టి ఉంటే వట్టి ఎండ చాలదు. ఏప్రిల్, మే నెలల్లో గొంగడిని పలచగా మడిచి నల్లటి పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఎండకు కాలిన బండ మీదో రేకుల మీదో రోజంతా ఉంచి, మధ్యలో ఒకసారి తిరగెయ్యాలి. సంచి లోపలి వేడి 50 డిగ్రీలు దాటి కొన్ని గంటలు నిలిస్తే గుడ్డుతో సహా చస్తుంది. వేడి లోపలి మడతకు చేరడం ముఖ్యం. అందుకే ఒక్క సంచిలో నాలుగు గొంగళ్లు కుక్కవద్దు. రెండు మూడు రోజులు వరుసగా చేస్తే మంచిది.

నాలుగు, ఉతికి దాచాలి. చలికాలం, వానకాలం వాడిన గొంగడిని ఉతకకుండా పెట్టెలో పెట్టవద్దు. చల్లటి నీళ్లలో సబ్బు గింజలతో, అంటే కుంకుడు రసంతో ఉతికి, పిండకుండా నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఎండాకే మడవాలి. మరుగునీళ్లలో వేస్తే ఉన్ని ముడుచుకుపోతుంది.

ఐదు, గాలి చొరని విధంగా కట్టాలి. శుభ్రం చేసిన గొంగడిని, పట్టుచీరను చిల్లులు లేని మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి మూతి మెలితిప్పి, మడిచి, గట్టిగా కట్టాలి. ముందే లోపల పురుగు ఉంటే సంచి దాన్ని కాపాడినట్టవుతుంది. అందుకే శుభ్రం చేసిన తర్వాతే కట్టాలి. రేకు పెట్టె మూత సందు ఉంటే పాత గుడ్డ పట్టీ వేసి బిగించాలి.

ఆరు, కదిలిస్తూ ఉండాలి. రెండు నెలలకొకసారి విప్పి, దులిపి, మడత మార్చి మళ్లీ కట్టాలి. రోజూ కప్పుకునే గొంగడికి ఈ పురుగు పట్టడం అరుదు. ఏడాదికొకసారి తీసే పట్టుచీరకే ఎక్కువగా పడుతుంది. పట్టుచీరను మాత్రం నేరుగా ఎండలో వేయవద్దు, రంగు పోతుంది. నీడలో గాలికి ఆరేసి, మెత్తటి గుడ్డతో మడతలు తుడవాలి.

పొలం మందు ఇంట్లోకి వద్దు

ఇదివరకు గమాక్సిన్ పొడిని గొంగళ్ల మడతల్లో, గింజల బస్తాల మధ్య చల్లేవాళ్లు. ఆ పొడిని, అంటే బి.హెచ్.సి.ని, మన దేశంలో 1997లో నిషేధించారు. డి.డి.టి.ని పంటల మీద వాడకుండా 1989లోనే ఆపేశారు. ఇవి ఏళ్ల తరబడి విరగకుండా నిలిచి, మన ఒంట్లోని కొవ్వులో చేరి, తల్లిపాలలోకి కూడా వస్తాయి. ఘాటు వాసనతో పురుగులను ఇట్టే చంపుతుందని ఇళ్లల్లో వాడిన డైక్లోర్వాస్ మందును కూడా 2020 ఆఖరు నుంచి నిషేధించారు. అటక మీద ఎక్కడైనా పాత డబ్బా మిగిలి ఉంటే వాడవద్దు, బావిలోనో కాలువలోనో పారేయవద్దు. పిల్లలకు అందకుండా పెట్టి వ్యవసాయాధికారిని అడగండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల. గోదాముల్లో గింజలకు పొగబెట్టడానికి దీన్ని వాడతారు. గాలిలోని తేమ తగిలితే చాలు, 3 గ్రాముల బిళ్ల ఒక గ్రాము ఫాస్ఫీన్ విషవాయువును వదులుతుంది. ఈ వాయువుకు విరుగుడు మందు లేదు. పక్కగదిలో బిళ్ల పెట్టి ఈ గదిలో పడుకున్నా, గోడ సందుల్లోంచి వాయువు వచ్చి ప్రాణం తీయగలదు. ముందుగా ప్రమాదంలో పడేది నేల మీద పడుకున్న పసిపిల్లలే. అందుకే దీన్ని సామాన్యులకు అమ్మకూడదని, ప్రభుత్వ సంస్థలు, శిక్షణ పొందిన నిపుణులు మాత్రమే వాడాలని నిబంధన ఉంది. అంగట్లో విడిగా ఇచ్చినా సరే తీసుకోవద్దు. మనుషులు పడుకునే ఇంట్లో, ఇంటికి ఆనుకున్న కొట్టంలో దీన్ని ఏ కారణంతోనూ పెట్టవద్దు.

పురుగుమందు పీల్చి గానీ మింగి గానీ వాంతులు, ఆయాసం, కళ్లు తిరగడం కనబడితే ముందు ఆ మనిషిని ఆరుబయట గాలిలోకి తీసుకురావాలి. వెంటనే 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకుపోవాలి. మందు డబ్బా లేదా దాని మీది చీటీ వెంట తీసుకుపోతే డాక్టరుకు వైద్యం తేలికవుతుంది. ఇంటి వైద్యం చేస్తూ పొద్దు పోనివ్వవద్దు.

గింజల మీద పడే దాయాది: ఖప్రా పురుగు

గొంగడిని తినే పురుగుకు ఇది దగ్గరి చుట్టం. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన వలస జీవులు వంద అని తయారుచేసిన జాబితాలో దీని పేరుంది. 1953లో ఇది అమెరికాలోని కాలిఫోర్నియా గోదాముల్లో కనబడితే, గోదాము గోదామునూ గుడారంతో కప్పి పొగబెట్టి ఏళ్ల తరబడి పోరాడి నిర్మూలించారు. ఇప్పటికీ చాలా దేశాలు ఓడరేవుల్లో బస్తాలు తెరిచి దీని కోసం వెతుకుతాయి. దీని పుట్టిల్లు మన భారతదేశం వైపే అని చెబుతారు.

మిగతా గింజల పురుగులకు తేమ కావాలి. బాగా ఎండిన గింజలో ముక్క పురుగు అంతగా పెరగదు. ఖప్రా అలా కాదు. వేడి, పొడి ఉన్నచోటే బాగా పెరుగుతుంది. 35 డిగ్రీల వేడిలో నెలకొక తరం పూర్తి చేస్తుంది. గింజ ఎండబెట్టాం కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. పిల్ల పురుగు ముందుగా గింజలోని మొలక భాగాన్ని కొరుకుతుంది. తినే గింజకు తూకం తగ్గుతుంది, విత్తనపు గింజ అయితే మొలకే రాదు. వానలు పడ్డాక జొన్న విత్తి, మొలక రాక, మళ్లీ విత్తనం కొనాల్సి వస్తే చిన్న రైతుకు ఎంత దెబ్బో వేరే చెప్పాలా?

దీని బలహీనత ఒకటుంది. పెద్ద పురుగుకు రెక్కలున్నా ఎగరదు. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి తనంతట తాను పోలేదు. మనమే బస్తాల్లో మోసుకొస్తాం. పిల్ల పురుగు పాత గోనె సంచి కుట్లలో దాక్కుని, తిండి లేకుండా ఏళ్ల తరబడి నిద్రావస్థలో ఉండగలదు. కాబట్టి:

- అంగడి నుంచి తెచ్చిన పాత గోనె సంచులను అలాగే వాడవద్దు. తిరగేసి కుట్లు చూసి, మరిగే నీళ్లలో ముంచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాకే గింజలు పొయ్యాలి.
- కొత్త గింజ పోసే ముందు గుమ్మిని, గదిని పూర్తిగా ఖాళీ చేసి పగుళ్లు పూడ్చాలి. పాత గింజ మీద కొత్త గింజ పొయ్యవద్దు.
- మనుషులు పడుకోని, విడిగా ఉన్న ఖాళీ గోదాము అయితే గోడలకు, నేలకు మలాథియాన్ 50 శాతం మందును లీటరు నీటికి 10 మి.లీ. చొప్పున కలిపి, 100 చదరపు మీటర్లకు 3 లీటర్ల ద్రావణం పిచికారీ చెయ్యవచ్చు. బాగా ఆరాకే బస్తాలు పెట్టాలి. గింజల మీద చల్లకూడదు.
- బస్తాలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు రెండడుగుల దూరంలో పేర్చాలి. ఈ పురుగు ఎక్కువగా రాశి పై పొరల్లో, గోడ పక్కన చేరుతుంది. పదిహేను రోజులకొకసారి అక్కడ చెయ్యి పెట్టి చూసి, కుబుసాలు కనబడితే ఆ గింజ వేరు చేసి జల్లెడ పట్టాలి.
- విత్తనపు గింజను వేరుగా, గాలి చొరని మూతగల రేకు డబ్బాలోనో గాలి చొరని సంచిలోనో దాచాలి. విత్తే ముందు వంద గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూసుకోవాలి.

ఒంటి మీద దురద పుడితే

ఈ పురుగు మనిషిని కుట్టదు, నెత్తురు పీల్చదు. కానీ పిల్ల పురుగు బొచ్చు, కుబుసాల పొడి కొందరికి పడదు. గొంగడి కప్పుకున్నాక దద్దుర్లు, దురద, తుమ్ములు వస్తుంటే నల్లులు అనుకుని మంచానికి మందు కొడుతుంటారు. నల్లులైతే మంచం సందుల్లో, పరుపు కుట్ల దగ్గర నెత్తురు మరకలు, నల్లటి చుక్కలు కనబడతాయి. అవి లేకుండా గొంగడిలో బొచ్చు పొట్టు ఉంటే కారణం ఇదే కావచ్చు. గొంగడి దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఖప్రా కుబుసాలు కలిసిన గింజను జల్లెడ పట్టి, చెరిగి, కడిగాకే వండాలి.

రైతుల సందేహాలు

ప్రశ్న: వేపాకు వేస్తే పురుగు చస్తుందా?
జవాబు: చావదు. నీడలో ఎండబెట్టిన వేపాకు వాసన కొంతవరకు పెద్ద పురుగును దూరం పెట్టవచ్చు. లోపల ఉన్న పిల్ల పురుగు మీద నమ్మకంగా పనిచెయ్యదు. పచ్చి ఆకు వేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది. శుభ్రం చేశాక తోడుగా వేసుకోవచ్చు, దాన్నే నమ్ముకోవద్దు.

ప్రశ్న: నాఫ్తలీన్ గోలీలు వెయ్యవచ్చా?
జవాబు: గాలి చొరని పెట్టెలో ఉంటేనే వాటి ఆవిరి పనిచేస్తుంది. మూత సందులున్న పెట్టెలో వేస్తే ఆవిరి ఇంట్లోకి పోతుంది, పురుగు బతుకుతుంది. చంటిపిల్లలకు ఆ ఆవిరి మంచిది కాదు. కొందరి నెత్తురులో పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. అటువంటి పిల్లలకు నాఫ్తలీన్ తగిలితే ఎర్ర కణాలు విరిగి కామెర్లు రావచ్చు. పిప్పరమెంటు అనుకుని మింగే ప్రమాదం కూడా ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వాడకపోవడమే మేలు. గోలీలు వేసిన పెట్టెలోని బట్ట గాలికి ఆరబెట్టకుండా పిల్లలకు కప్పవద్దు.

ప్రశ్న: చిల్లులు పడిన గొంగడిని పారేయాలా?
జవాబు: అక్కర్లేదు. పైన చెప్పినట్టు దులిపి, వేడి చూపించి, ఉతికాక, నేసేవాళ్ల దగ్గర ఉన్ని దారంతో రఫ్ఫు చేయించుకోవచ్చు. శుభ్రం చెయ్యకముందు మాత్రం మిగతా గొంగళ్లతో కలపవద్దు.

ప్రశ్న: అమ్ముడుపోని ఉన్నిని ఎలా దాచాలి?
జవాబు: పేడ, ముళ్లు, మురికి ఏరేసి, బాగా ఎండబెట్టి, చిల్లుల్లేని సంచిలో బిగించి, పడుకునే ఇంటికి దూరంగా చెక్కల మీద పెట్టాలి. నెలకొకసారి విప్పి ఎండలో తిరగెయ్యాలి. పనికిరాని ముక్కలను మూల పడేయకుండా పెంటగుంటలో వేసి మట్టి కప్పితే మెల్లగా మురిగి ఎరువవుతుంది.

గుర్తుంచుకోండి

- పెద్ద పురుగు కిటికీ దగ్గర కనబడుతుంది. నష్టం చేసే పిల్ల పురుగు చీకట్లో ఉంటుంది.
- మట్టి గూడు ఉంటే చెదలు, దారాలుంటే చిమ్మట, బొచ్చు కుబుసాలుంటే కార్పెట్ పురుగు.
- ఉతకని గొంగడి, ఊడ్చని మూల, కదిలించని పెట్టె: ఈ మూడూ లేకుండా చూసుకోవాలి.
- ఖప్రా పురుగు ఎగరదు, పాత గోనె సంచిలో వస్తుంది.
- పొలం మందు పొలంలోనే ఉండాలి. గొంగడి మీద, గింజల మీద, మంచం కింద చల్లవద్దు. పొగబెట్టే బిళ్ల ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు.

ఈ వేసవిలో ఎండ ముదిరాక ఒక రోజు ఇందుకోసం కేటాయించండి. పెట్టెలు, గొంగళ్లు, గోనె సంచులు అన్నీ ఒకేసారి వాకిట్లోకి తెచ్చి, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే సందులు ఊడ్చి పూడ్చండి. రూపాయి ఖర్చు లేని ఈ పని చేసుకుంటే వచ్చే చలికాలానికి గొంగడి, వచ్చే తొలకరికి విత్తనం రెండూ చేతిలో భద్రంగా ఉంటాయి.